పిపెట్ మొనలో చుక్క

మొన్న శాలిబండ నుంచి మా తమ్ముడు శీను ఫోన్ చేశాడు. దుకాణంలో విడి నూనె అమ్మడం ఇక మానేస్తున్నాడట. ఇకమీదట అన్నీ ప్యాకెట్లు, సీసాలే. పాత డ్రమ్ములు, డబ్బాలు తీసుకుపోవడానికి తుక్కు సామాను కొనేవాడు వస్తున్నాడు. "అక్కా, నీకేమన్న గావాల్నంటే వచ్చి తీస్కపో. మల్ల నా మీద లొల్లి వెట్టొద్దు" అన్నాడు. జ్ఞాపకాల కోసం వెళ్ళానని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది. నిజానికి ఆ తుక్కువాడు మా వాణ్ణి నిలువునా ముంచుతాడన్న భయంతో వెళ్ళాను. శీను మంచివాడు. వ్యాపారి ఇంట్లో అదొక లోపం.

తుక్కు కొనేవాడు డ్రమ్మును కాలితో తన్ని, "అంత తుప్పు వట్టింది మేడం, గాలికి పోతది" అన్నాడు. "నువ్వు అడుగున తన్నుతున్నవ్. జర నడుమ తన్నిచూడు, కాలు నొస్తది" అన్నాను. అతను కాసేపు నన్ను చూశాడు, నేను డ్రమ్మును చూశాను. చివరికి అతను చెప్పినదానికీ నేను అడిగినదానికీ నడుమ బేరం తెగింది, అంటే నేను ఆటోలో వస్తూ అనుకున్న చోటే తెగింది. పోతూ పోతూ "మీరేం పని జేస్తరు మేడం?" అని అడిగాడు. తూకం పని అన్నాను. శీను నవ్వాడు కానీ అందులో అబద్ధం లేదు. రిటైరయ్యేదాకా నేను చేసిందంతా అణువులను తూచే పనే.

డబ్బాల వెనక అర లీటరు కొలత ఒకటి దొరికింది. పిడి దగ్గర సొట్ట, లోపల ఎప్పటిదో జిడ్డు ఎండి పసుపురంగు పొరగా మారింది. చేతిలోకి తీసుకున్నానో లేదో, నా చెయ్యి దానంతట అదే కొలతను తలకిందులు చేసి అంచు మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టింది. అందులో నూనె లేదు. ఉన్నా, పోయించుకునే మనిషి లేడు, మా దుకాణం భాషలో గిరాకీ లేదు. ఆ చేతి అలవాటే ఒకప్పుడు నా చదువును ఊడబెరకబోయింది. ఇంట్లో ఈ సంగతి చెప్తే ఎప్పుడూ నవ్వులాటగా తేలిపోతుంది. ఒకసారి కుదురుగా రాసి పెడదామనిపించింది.

మా ఇల్లు దుకాణం వెనకే ఉండేది. ముందు గదిలో వ్యాపారం, వెనక గదిలో మేం, రెంటినీ విడదీసేది ఒక గోనెపట్టా పరదా. ఆ పరదా నూనె పీల్చి పీల్చి చెక్కలా బిగుసుకుపోయి, గాలికి ఊగడం కూడా మానేసింది. ఇంట్లో ఏది ముట్టుకున్నా వేలిముద్ర పడేది. మా అమ్మ రోజూ సాయంత్రం గడపలకు బూడిద రాసి తోమేది, పొద్దున్నకల్లా అవి మళ్ళీ మెరిసేవి. నువ్వుల నూనెది వేయించిన వాసన, కుసుమ నూనెది ఎండుగడ్డి వాసన, ఆముదానిది జ్వరం వచ్చిన ఇంటి వాసన. ఇవన్నీ కలిసి మా బట్టల్లో, జుట్టులో, పుస్తకాల్లో ఉండేవి. నా నోటుబుక్కులో ఒక పేజీ రాసింది వెనక పేజీలో కూడా చదువుకోవచ్చు, కాగితం అంత పారదర్శకంగా ఉండేది. బడిలో నన్ను నూనె డబ్బా అనేవాళ్ళు. మా నాయనమ్మ మాత్రం పరదా వెనక మంచం మీద పడుకునే, ముందు గదిలో కొత్త డబ్బా మూత తీయగానే "గిది నిరుటి పల్లీలది, ఎనుకకు పంపియ్" అనేది. ఆమె ముక్కుకు బాపు కూడా భయపడేవాడు.

బాపు అంటే మా నాన్న. పుణ్యపురుషుడని నేను చెప్పను. ధర దగ్గర ఆయన దయాదాక్షిణ్యాలు ఎరగడు. వచ్చిన గిరాకీ చెప్పుల్ని బట్టి ధర మొదలుపెట్టేవాడు. అయితే కొలత దగ్గర మాత్రం ఆయనకొక నియమం ఉండేది. "ధరల ఎంతన్న గుంజు, కొలతల గుంజకు" అనేవాడు. సీసా మూతికి గరాటు పెట్టి నూనె పోశాక, కొలతను గరాటు మీద బోర్లించి అలాగే పట్టుకోవాలి. ధార సన్నబడి దారమై, దారం తెగి చుక్కలై, ఆ చుక్కలూ ఆగాక అంచు మీద రెండు దెబ్బలు కొట్టి, కొలత లోపలి భాగం గిరాకీకి చూపించాలి. అందులో మిగిలిన చుక్క మనది కాదు. ఇది మాకు అక్షరాల కన్నా ముందు వచ్చింది. ఎప్పుడైనా నేను తొందరపడి కొలతను ఎత్తేస్తే గిరాకీలే ఊరుకునేవాళ్ళు కాదు. వెనక గల్లీ నుంచి వచ్చే, మేం ఖాలా అని పిన్ని వరస పెట్టి పిలిచే ఒకామె ఉండేది, నడుము మీద చెయ్యి పెట్టుకుని, "వో బూంద్ బీ డాల్ దే బేటీ, ఉస్కా క్యా అచార్ డాల్రీ?" అనేది. ఆ చుక్క దాచి పచ్చడి పెట్టుకుంటావా అని. నేను సిగ్గుపడి మళ్ళీ బోర్లించేదాన్ని. ఖాలా తల పక్కకు వంచి, చివరి చుక్క సీసాలో పడేదాకా చూసి, అప్పుడు మూత బిగించేది.

రసాయనశాస్త్రం మీద నాకు ప్రేమ పుట్టలేదు, కోపం పుట్టింది. నేను డిగ్రీలో ఉండగా బాపు తెచ్చిన పల్లీ నూనె డ్రమ్ము ఒకటి చలికాలం పొద్దున అడుగున తెల్లగా పేరుకుంది. నాయనమ్మ వాసన చూసి పామాయిల్ కలిపారంది. బాపు, నేను ఆ డ్రమ్మును రిక్షాలో వేసుకుని హోల్‌సేల్ సేఠ్ దగ్గరికి వెళ్ళాం. సేఠ్ గద్దె మీద నుంచి లేవలేదు. "సబూత్ ఏది?" అన్నాడు, రుజువు చూపించమని. "మా అమ్మ వాసన చూసి చెప్పింది" అన్నాడు బాపు. గుమాస్తాలంతా నవ్వారు. "మీ అమ్మని కోర్టుకు తోల్కరా" అన్నాడు సేఠ్. బాపు డ్రమ్మును మళ్ళీ రిక్షా ఎక్కించాడు. ఎవరితోనైనా మాటకు మాట అనగలిగిన మనిషి, రిక్షాలో డ్రమ్మును రెండు చేతులా పట్టుకుని ఇంటిదాకా నోరు విప్పలేదు. ఆ నూనె అమ్మనూ లేదు. మరునాడు కాలేజీ ల్యాబులో నేను ఆ నూనెతో పరీక్షనాళికలో రంగులు తెప్పించి చూశాను. ఏదో కలిసిందని తెలిసింది కానీ ఎంత కలిసిందో ఏ రంగూ చెప్పలేదు. ఎంతో చెప్పలేనివాడు ఏదో కలిసిందని అంటే సేఠ్ లాంటివాళ్ళు నవ్వరా మరి.

ఎమ్మెస్సీలో మమ్మల్ని ఊరికి అవతలి చివర ఉన్న ఒక ప్రయోగశాలకు తీసుకెళ్ళి మాస్ స్పెక్ట్రోమీటర్ చూపించారు. బీరువాలో సగం అంత ఉన్న బూడిదరంగు పెట్టె. పదార్థాన్ని ఆవిరి చేసి, అణువులకు విద్యుత్తు అంటించి, శూన్యంలో పరిగెత్తించి, ఒక్కొక్కదాని బరువు తేలుస్తుందని అక్కడి శాస్త్రవేత్త మూర్తిగారు వివరించారు. మిగతావాళ్ళు నోట్సు రాసుకున్నారు. నేను మాత్రం ఇది తరాజు అనుకున్నాను. ఇంత చిన్న సరుకును తూచే తరాజు ప్రపంచంలో ఉండగా మా బాపు నోరు మూసుకుని రిక్షాలో రావడమేమిటి అనిపించింది.

ఆ ఏడాది పరీక్షలు రాసి, ఫెలోషిప్ తెచ్చుకుని, మూర్తిగారి దగ్గరికే పీహెచ్‌డీకి వెళ్ళాను. ఆయన రాజోలు వైపు మనిషి, తక్కువ మాట్లాడతారు, మాట్లాడినప్పుడు మాత్రం వాక్యం పూర్తిచేస్తారు. "ముందు రెండేళ్ళు వేరే పరికరాల మీద పని చేయండి. తర్వాత దీని సంగతి చూద్దాం" అన్నారు. "ఒక నెల చాలదా సార్?" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఎదురుచూపు ఆరు నెలలకు దిగితే చాలని నా లెక్క. అప్పుడు నా కంట పడింది, మిషన్ కింద ఉన్న పంపు. లోపలి గాలి లాగే పంపు అది. దానికి నూనె మార్చాలి. నల్లగా, కంపుకొట్టే ఆ పని చేయాల్సి వస్తే పరిశోధక విద్యార్థులంతా ఆ రోజు సెలవు పెట్టేవాళ్ళని నాకు ముందే తెలిసింది. "పంపుల నూనె నేను మారుస్త సార్, ఎప్పటికీ. నూనె పని నాకు కొత్త గాదు" అన్నాను. మూర్తిగారు "ఆరు నెలలు" అన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని నవ్వుకున్నాను. ఆ తర్వాత ఆయనతో ఏది అడగాల్సి వచ్చినా నాకు కావాల్సినదానికి రెట్టింపు అడగడం, ఆయన సగం ఇవ్వడం అలవాటైపోయింది. గెలుస్తున్నానని చాలాకాలం అనుకున్నాను.

ఇంట్లో బాపుకు ఆ మిషన్ సంగతి వారం వారం చెప్పాల్సి వచ్చేది. రాత్రి దుకాణం కట్టేసే ముందు కుంకుడు రసంతో చేతులు కడుక్కుంటూ అడిగేవాడు.

"ఎంత సన్నం తూస్తది?"

"కంటికి కనవడనంత సన్నం బాపు."

"గాలికి ఊగదా మరి?"

"లోపల గాలే ఉండది. పంపు వెట్టి గుంజేస్తరు."

బాపు చేతులు తుడుచుకుంటూ ఆగాడు. "మన తరాజు గుడ గట్ల గాలి లేని తాన వెట్టుకుంటే బాగుండు. ఫ్యాన్ గాలికి మస్తు ఊగుతది" అన్నాడు. తర్వాత, "గా సేఠ్‌కు చూపెట్టే కాయిదం ఇస్తదా అది?" అని అడిగాడు. ఇస్తదన్నాను. అప్పటికి ఇంకా ఇవ్వలేదు.

నా పరిశోధన సరిగ్గా అదే. పల్లీ నూనెలో, నువ్వుల నూనెలో చవక నూనె ఎంత కలిసిందో కచ్చితంగా చెప్పే పద్ధతి తయారుచేయడం. పద్ధతి వివరాలతో విసిగించను కానీ ఒక్క ముక్క చెప్పాలి. ప్రతి సీసాలోనూ మేం ఒక తెలిసిన పదార్థాన్ని ఒకే కొలతలో, అర మిల్లీలీటరు, గాజు పిపెట్‌తో వేసేవాళ్ళం. దాన్ని స్టాండర్డ్ అంటారు. తక్కెడలో రాయి లాంటిది, మిగతా లెక్కంతా దానితో పోల్చి కట్టేదే. సీసాలు రెండు రకాలు. పామాయిల్ ఎంత ఉందో ముందే తెలిసిన పోలిక సీసాలు కొన్ని, పరీక్షించాల్సిన నూనెల సీసాలు కొన్ని. పోలిక సీసాలు మా ల్యాబులోనే పనిచేసే రమణి తయారుచేసేది, నూనెల సీసాలు నేను. రమణిది రాజమండ్రి. నా భాషకు ఆమె నవ్వేది, ఆమె టిఫిన్ డబ్బాలో పులుపుకు నేను కళ్ళు మూసుకునేదాన్ని. అక్కచెల్లెళ్ళలా ఉండేవాళ్ళం, అంటే రోజూ కొట్లాడుకునేవాళ్ళం.

తేడా ఎక్కడ బయటపడిందంటే, మూర్తిగారు అప్పుడప్పుడు తనే నూనెలు కలిపి, ఎంత కలిపారో చెప్పకుండా నాకు ఇచ్చేవారు. నా జవాబు ప్రతిసారీ తక్కువ వచ్చేది. ఎక్కువా తక్కువా ఊగితే పోనీ చెయ్యి వణికిందనుకోవచ్చు, ఇది ఎప్పుడూ తక్కువే, వందకు ఆరు, ఏడు. ఏడాది పొడుగునా అంతే. ఒకరోజు ఆయన నన్ను పిలిచి కూర్చోమన్నారు. ఆయన కూర్చోమంటే మంచి వార్త కాదు. "పద్మా, ఈ తేడాతో ఇది పద్ధతి అనిపించుకోదు. రెండు నెలలు చూస్తాను. అప్పటికీ ఎక్కడుందో తేలకపోతే మిషన్ మీద నీ రోజులు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది. నువ్వు వేరే విషయం చూసుకో." మిషన్ గది గోడ మీద ఒక నల్లబోర్డు ఉండేది, ఏ రోజు ఎవరిదో దాని మీద సుద్దతో రాసేవారు. నా పేరు అక్కడి నుంచి చెరిగితే నా పీహెచ్‌డీ చెరిగినట్టే. "నాలుగు నెలలియ్యండి సార్" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మొదటిసారి నా బేరం ఒక్క రోజు కూడా కదల్లేదు.

ఇంటికొచ్చి చెప్తే బాపు తేలిగ్గా, "ఇంకొకలకు ఇస్తే ఇయ్యని. ఫికర్ జెయ్యకు. దుకాణం లేదా మనకు? నీ అసొంటి బేరగత్తె బజార్ల ఎవలున్నరు?" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. దుకాణంలో కూర్చోవడం నామోషీ అని కాదు. ఓడిపోయి కూర్చోవడం ఇష్టం లేదు, అందులోనూ వందకు ఆరు తేడాతో.

మర్నాటి నుంచి వరస పెట్టి వెతికాను. దుకాణంలో సరుకు తగ్గితే మొదట ఎలుకలను అంటారు, తర్వాత పంపినవాణ్ణి, తర్వాత కూలివాణ్ణి, అన్నీ అయ్యాక గద్దె మీద కూర్చున్నవాణ్ణి. నేనూ ఆ వరసే పట్టాను. ద్రావకం మార్చాను. కొత్త స్టాండర్డ్ తెప్పించాను. సీసాలు నేనే కడిగాను, మూతలు మార్చాను. పంపు నూనె గడువుకు ముందే తీసేసి కొత్తది పోశాను. మిషన్ లోపలి భాగాలు విప్పి, తుడిచి, బిగించాను. తేడా కదల్లేదు. రోజూ చార్మినార్ దగ్గర బస్సు ఎక్కేటప్పుడు ఈ రోజు ఏది తప్పించాలో అనుకునేదాన్ని, తిరిగొచ్చేటప్పుడు అది తప్పు కాదని తెలిసేది. ముక్క ముక్కగా ల్యాబు మొత్తం నిర్దోషి అని తేలుతోంది.

అంతలో రమణి తన అక్క పెళ్ళికని ఊరెళ్ళింది. పోలిక సీసాలూ నూనె సీసాలూ నేనే చేశాను. మూర్తిగారి రహస్య నమూనాకు జవాబు సరిగ్గా వచ్చింది. రెండోసారి, మూడోసారి కూడా సరిగ్గా వచ్చింది. దొంగ దొరికిందనుకున్నాను. రమణి అరిసెల డబ్బాతో తిరిగి రాగానే అడిగేశాను, "పోలిక సీసాలు ఎట్ల చేస్తున్నవే నువ్వు?" అని. దాని మొహం ఎర్రబడింది. "నేను తప్పు చేస్తున్నానంటావా? సరే, ఈసారి రెండూ నేనే చేస్తాను, చూద్దువుగాని" అంది. చేసింది. ఆమె జవాబూ సరిగ్గానే వచ్చింది. ఇద్దరం స్టూళ్ళ మీద ఎదురెదురుగా కూర్చుని అరిసెలు తిన్నాం. నేను ఒక్కదాన్నే చేస్తే సరి, రమణి ఒక్కతే చేస్తే సరి, ఇద్దరం పంచుకుంటేనే తప్పు. మూడో అరిసె దగ్గర నాకు వెలిగింది. దొంగరాయి పెట్టుకున్న వ్యాపారి అదే రాయితో కొని అదే రాయితో అమ్మితే ఏ తేడా కనపడదు. పక్కవాడి నిజం రాయి పక్కన పెట్టినప్పుడే బయటపడతాడు. అంటే మా ఇద్దరిలో ఒకరి రాయి దొంగది.

వెంటనే చిన్న తక్కెడ ముందు నిలబడ్డాం. ఒక్కొక్కరం పిపెట్‌తో అర మిల్లీలీటరు నీళ్ళు చిన్న గిన్నెలో వేసి తూచాం. రమణి నీళ్ళు సరిగ్గా అర గ్రాము తూగాయి. నావి ఎక్కువ. మళ్ళీ వేశాను, మళ్ళీ ఎక్కువే.

"చివర్లో అలా నొక్కుతావేంటే?" అంది రమణి.

"ఏది నొక్కిన?"

"బల్బు. ఆ రబ్బరు బల్బు. ఇంకోసారి వెయ్యి."

ఈసారి నా బొటనవేలిని నేనే చూశాను. నీళ్ళు దిగాయి, పిపెట్ మొన గిన్నె అంచుకు తాకింది, మొనలో ఒక చిన్న చుక్క ఆగింది. అప్పుడు నా బొటనవేలు, నన్ను అడగకుండా, బల్బును మెల్లగా నొక్కి ఆ చుక్కను కిందికి తోసింది. ఆపైన చూపుడువేలు పిపెట్ మీద రెండు దెబ్బలు కూడా కొట్టింది. ఆ పిపెట్ మీద గీత గీసినవాడు మొనలో చుక్క మిగులుతుందని ముందే లెక్కేసుకుని గీశాడు. దాన్ని ఊదకూడదని మొదటి సంవత్సరం పాఠం. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి. తలకు తెలుసు, వేలికి తెలియదు. రమణి నవ్వి నవ్వి స్టూలు మీద నుంచి జారింది. "వదిలెయ్యవే ఆ చుక్కని, అది పిపెట్‌ది" అంది. మళ్ళీ వేశాను. చుక్కను మొనలోనే ఉంచి పిపెట్ వెనక్కి తీశాను. తూకం సరిగ్గా వచ్చింది. ఇంకొకరి సొమ్ము కొంగున ముడేసుకున్నట్టు అనిపించింది. "నా పానం ఒప్పుతలేదే" అంటే రమణి మళ్ళీ మొదలుపెట్టింది.

బాపుకు చెప్పినప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు. "మరి ఆ చుక్క ఎవలది?" అన్నాడు.

"ఎవలది గాదు బాపు. గీత గీసినోడే చుక్కను ముందుగాల్నే పక్కకు వెట్టి గీసిండు."

"అంటే గిరాకీకి రావల్సింది గిరాకీకి వచ్చిందా?"

"వచ్చింది."

"ఇంకేంది మరి, మంచోడే వాడు" అన్నాడు, ఎవరో తోటి వ్యాపారి గురించి చెప్పినట్టు.

మూర్తిగారికి చెప్పడానికి మరునాడే వెళ్ళాను. ఆయన తక్కెడ కాగితాలు చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, నవ్వు ఆపుకున్నారు. "సరే. తేడా ఎంతో తెలిసింది కాబట్టి పాత ఫలితాలన్నిటినీ ఒక గుణకంతో సరిచేయొచ్చు. వారం పని" అన్నారు. అది మంచి ధర. తీసుకుని లేచిపోవాల్సిన ధర. ముందు రోజు రాత్రంతా నేనూ దాన్ని గురించే ఆలోచించాను. కానీ దుకాణంలో గిరాకీ ముసురుకున్నప్పుడు మేం కొలతను అంతసేపు బోర్లించి పట్టుకునేవాళ్ళం కాదు. ల్యాబులోనూ తొందర ఉన్న రోజు నా వేలు ఎలా నొక్కిందో నాకు తెలియదు. ఏ సీసాలో ఎంత చుక్క పడిందో తెలియకుండా అన్నిటికీ ఒకే గుణకం వేస్తే, ఏదో ఒక రోజు ఎవరో ఒక సేఠ్ సబూత్ ఏది అంటాడు.

"అన్ని మొదటికెల్లి మల్ల చేస్త సార్. మిషన్ మీద ఆరు వారాలు గావాలె, రోజూ" అన్నాను.

"మూడు" అన్నారు ఆయన వెంటనే, అలవాటుగా.

"సార్, ఈసారి పెంచి చెప్పలేదు. ఆరంటే ఆరే."

ఆయన పెన్ను కింద పెట్టారు. "అంటే ఇంతకాలం పెంచి చెప్పేదానివా?"

నేను నేల చూశాను.

"తెలుసులే" అన్నారు. "నేనూ ప్రతిసారీ తగ్గించే చెప్పాను. నువ్వు సంతోషంగా వెళ్ళిపోయేదానివి. నా దగ్గర ఎప్పుడూ ఇంకాస్త మిగిలేది." ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. శాలిబండలో పుట్టి, చార్మినార్ చుట్టూ బేరాలాడి పెరిగినదాన్ని, రాజోలు మనిషి చేతిలో ఏళ్ళ తరబడి మోసపోతున్నానని అప్పుడు తెలిసింది. "ఐదు" అన్నారు. "ఆరు సార్" అన్నాను. ఆయన లేచి వచ్చి బోర్డు మీద మిగతా పేర్లు జరిపి, నా పేరు రాసి, పక్కన ఆరు వారాల తర్వాతి తేదీ వేశారు.

ఇప్పటి ల్యాబుల్లో గాజు పిపెట్లు అలమారలో అడుగున ఉంటున్నాయి. మీట నొక్కితే అంకె చూపించి అంతే వదిలే పరికరాలు వచ్చాయి, ఏ అలవాటునూ అవి తమలోకి రానివ్వవు. నా చివరి విద్యార్థులు చురుకైనవాళ్ళు, నేను వారాలు తీసుకున్న పని పూటలో చేస్తారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి నూనె పోయడం దగ్గరగా చూసి ఉండరు. ప్యాకెట్ కత్తిరించి, వంపి, చెత్తలో వేస్తారు, మూలల్లో ఎంత మిగిలిందో చూడరు. శీను దుకాణంలో ఇప్పుడు ధరలు ప్యాకెట్ మీదే అచ్చేసి ఉన్నాయి. వచ్చినవాళ్ళు మాట్లాడకుండా తీసుకుని, ఫోన్ చూపించి వెళ్ళిపోతున్నారు. ఇది తప్పని నేను అనను. కల్తీ నూనె తిని ఎవరూ ఏమీ రుజువు చేయలేని రోజుల కన్నా ఈ రోజులు నయం. నయం కావడంలో నా వంతు కూడా ఇసుమంత ఉంది. అయినా మొన్న తుక్కువాడు వెళ్ళాక అక్కడ నిలబడి, బేరం లేక, గలాటా లేక, నాకు ఏమీ తోచలేదు.

అప్పుడు బోర్డు మీదికెక్కిన ఆ ఆరు వారాలు చాలలేదు. సీసాలు సగం దాటాయో లేదో, నూనెలోని భాగాలను విడదీసి మిషన్‌కు పంపే సన్నని గొట్టం మూసుకుపోయింది. కొత్తది బయటి దేశం నుంచి రావాలి. వచ్చినా, సగం సీసాలు పాత గొట్టం మీద, సగం కొత్త గొట్టం మీద అంటే కుదరదు, అన్నీ ఒకదాని మీదే నడవాలి. పుట్టి బుద్ధెరిగాక ఒకే ఒక్కసారి అసలు ధర చెప్పాను, అదీ తక్కువ చెప్పాను. బోర్డు మీద నా తేదీ రానే వచ్చింది. మర్నాటి నుంచి ఇంకెవరి పేరు రాయాలో మూర్తిగారు ఆ సాయంత్రం నిర్ణయించాలి. మెట్లెక్కుతూ ఎంత అడగాలా అని లెక్క కట్టబోయాను. ఒక్క అంకె కూడా నిలవలేదు. గొట్టం ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక ఏది విరుగుతుందో తెలియదు.

"ఇంకా ఎన్ని?" అన్నారు ఆయన తలెత్తకుండా.

"తెల్వదు సార్."

"తెలియకపోతే ఎలా ఇవ్వను? ఎప్పటిదాకా?"

"అయ్యేదాంక."

ఆయన తలెత్తారు. లేచి నాతోపాటు కిందికి వచ్చారు. బోర్డు ముందు నిలబడి, నా పేరు పక్కనున్న తేదీని అరచేత్తో తుడిచేశారు. పేరును ఉంచారు. "గొట్టం రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో కనుక్కున్నావా?" అని అడిగి, జవాబు వినకుండానే చేతికంటిన సుద్ద దులుపుకుంటూ వెళ్ళిపోయారు.

గొట్టం రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చిన పొద్దున రమణి పెట్టె విప్పింది, నేను బిగించాను. ఇద్దరం చెవి పెట్టి పంపు చప్పుడు విన్నాం. అప్పటికే పూర్తయిన సీసాల ట్రేను పక్కకు జరిపి, ఒకటో నంబరు నూనె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.